తాను ఏడ్చిన పెళ్ళినే కూతురికీ ఎందుకు చేస్తారు?

తోకచుక్క
మా అక్కకు పదిహేనో ఏట పెళ్ళి చేశారు. పదిహేడో ఏట కాన్పు కష్టమై, తల్లీబిడ్డల్లో ఎవరు దక్కుతారో చెప్పలేమని వైద్యులు అన్న రాత్రి నాకు ఇంకా గుర్తుంది. అక్క పడ్డ అవస్థను చూసిన తరువాతే నాన్న నన్ను చదువుకోనిచ్చారు. నా పెళ్ళి ఇరవై ఆరో ఏట అయింది. ఇన్నేళ్లలో అక్క తన చదువు ఆగిపోయిన సంగతి తలుచుకోని పండుగ లేదు. ఆ అక్కే ఇప్పుడు పదహారేళ్లయినా నిండని తన కూతురికి సంబంధం ఖాయం చేయబోతోంది. "నీకు జరిగినదంతా మరిచిపోయావా" అని అడిగితే, "ఏదీ మరిచిపోలేదు, కానీ వయసు దాటితే దాన్ని ఎవరు చేసుకుంటారు" అంది. తెలియక చేసేవారికి తెలియజెప్పవచ్చు. తెలిసి, అనుభవించి, మనసులో ఇష్టం లేకుండానే చేసేవారికి ఏమి చెప్పాలో నాకు అర్థం కావడం లేదు. ఆడపిల్లలకు హాని చేసే ఆచారాలు ఇంతకాలం నిలవడానికి అసలు కారణం ఏమిటి?

సూటిగా
అజ్ఞానమే కారణం. చదువు వస్తే అన్నీ పోతాయి. దీనికి ఇంత చర్చ అవసరం లేదు.

తోకచుక్క
సూటిగా గారూ, చిన్న వయసులో కాన్పు అయితే ఏమి జరుగుతుందో మా అక్కకు మనిద్దరికన్నా బాగా తెలుసు. అది ఆవిడ పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు.

ఆకురాయి
జవాబు అక్కగారి మాటలోనే ఉంది: "ఎవరు చేసుకుంటారు" అన్నారు కదా, అదే అసలు ముడి. చైనాలో ఆడపిల్లల పాదాలు కట్టే ఆచారాన్ని తీసుకోండి. అయిదారేళ్ల పిల్ల కాలివేళ్లను అరికాలి కిందికి మడిచి, ఎముకలు వంగేదాకా, విరిగేదాకా గుడ్డ పట్టీలతో బిగించేవారు. రాత్రుళ్లు ఆ పిల్ల పెట్టే ఏడుపు వింటూ పట్టీ బిగించినది సాధారణంగా కన్నతల్లే, ఆ నొప్పి ఎలాంటిదో తన పాదాలతో తెలిసిన తల్లి. 17వ శతాబ్దంలో మంచూ పాలకులు దీనిని నిషేధించి, ఫలితం లేక 1668లో ఆ ఆజ్ఞను ఉపసంహరించుకున్నారు. చక్రవర్తి ఆజ్ఞకు లొంగనిది 19వ శతాబ్దం చివర పుట్టిన సంఘాలకు లొంగింది. ఆ సంఘాల్లో చేరినవారు రెండు ప్రమాణాలు చేసేవారు: మా కూతురి పాదాలు కట్టము, కట్టిన పాదాల పిల్లను మా కొడుక్కు చేసుకోము. మొదటి ప్రమాణం ఒక్కటే చేయించి ఉంటే ఎవరూ ముందుకు వచ్చేవారు కారు, ఎందుకంటే అది తన కూతురిని తానే పెళ్ళి కాకుండా కూర్చోబెట్టడం అవుతుంది. రెండోది కలిసినప్పుడే, కట్టని పాదాలకూ వరుడు ఉన్నాడన్న ధైర్యం వచ్చింది. డింగ్‌షియెన్ అనే ప్రాంతంలో 1889కి ముందు పుట్టిన ఆడవారిలో 99 శాతం మందికి పాదాలు కట్టి ఉండగా, 1919 తరువాత పుట్టినవారిలో దాదాపు ఎవరికీ కట్టలేదు. వెయ్యేళ్ల ఆచారం ఒక్క తరంలో పోయింది. దీనిని వివరిస్తూ జెర్రీ మాకీ అనే పరిశోధకుడు 1996లో చెప్పినది ఇదే: అందరూ ఒకరి కోసం ఒకరు కొనసాగిస్తున్న ఆచారాన్ని ఒంటరిగా ఎవరూ విడిచిపెట్టలేరు, కలిసి అయితే త్వరగా విడిచిపెట్టగలరు.

నీలికలువ
"కొడుక్కు చేసుకోము" అన్న ప్రమాణం గురించి నేను ఎప్పుడూ వినలేదు. మన దగ్గర ఉపన్యాసాలన్నీ ఆడపిల్ల తల్లిదండ్రులకే వినిపిస్తారు. మగపిల్లవాడి తల్లిదండ్రులు ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొడతారు.

పాత పలక
ఆకురాయి గారు చెప్పిన కథ చాలా అందంగా ఉంది, అందుకే నాకు అనుమానం. లారెల్ బాసెన్, హిల్ గేట్స్ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు చైనా పల్లెల్లో పాదాలు కట్టించుకున్న వృద్ధురాళ్లను పెద్ద సంఖ్యలో కలిసి మాట్లాడి 2017లో ప్రచురించిన పుస్తకంలో వేరే సంగతి కనిపిస్తుంది. పాదాలు కట్టిన పిల్ల ఆటలకు పరుగెత్తలేదు. కూర్చున్నచోటే నూలు వడుకుతుంది, బట్ట నేస్తుంది. చిన్నపిల్లల చేతిపని ఇంటికి ఆదాయంగా ఉన్నంత కాలం ఆ ఆచారం నిలిచింది. యంత్రాలపై వడికిన నూలు చవకగా వచ్చి చేతి వడుకుకు విలువ పోయిన చోట, సంఘమూ ప్రమాణమూ లేకుండానే తల్లులు పట్టీలు కట్టడం మానేశారు. పెళ్ళి కోసం, అందం కోసం అనేవి పైకి చెప్పుకునే మాటలు. ఏ ఆచారం గురించైనా "దీనివల్ల ఎవరికి ఏమి మిగులుతోంది" అని ముందు అడగాలి.

ఆకురాయి
పలక గారూ, డబ్బు కారణం కాదని నేను అనలేదు. అయితే నూలు వడకని పట్టణపు సంపన్నుల ఇళ్లలో కూడా పాదాలు కట్టారు కదా, అక్కడ ఏ ఆదాయం మిగిలింది?

పాత పలక
అక్కడ హోదా మిగిలింది. పని చేయనవసరం లేని కోడలు ఉందని చూపించుకోవడం కూడా ఒక లాభమే. చర్చ పాదాల దగ్గరే ఆగిపోకూడదు కనుక ఇక్కడితో వదిలేస్తాను.

మూడో గంట
ఇద్దరూ వదిలేయకండి, మాకు చదవడానికి బాగుంది.

చలివేంద్రం
పలక గారి ప్రశ్నకు పెళ్ళిళ్ల నుంచే ఒక ఉదాహరణ ఇస్తాను. ఆఫ్రికాలో సహారాకు దక్షిణాన ఉన్న అనేక సమాజాల్లో పెళ్ళికొడుకు వైపువారు పిల్ల ఇంటికి డబ్బో పశువులో ఇస్తారు. భారతదేశంలో పిల్ల వైపువారే కట్నం ఇస్తారు. కరువు వచ్చినప్పుడు ఏమి జరుగుతుందో ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్కలు తీసి 2020లో ప్రచురించారు. కరువు ఏడాదిలో ఆఫ్రికాలో బాల్యవివాహాలు పెరిగాయి, భారతదేశంలో తగ్గాయి. పిల్ల పెళ్ళి వల్ల ఇంటికి డబ్బు వచ్చే చోట కష్టకాలంలో పెళ్ళి ముందుకు జరిగింది. డబ్బు పోయే చోట వెనక్కు జరిగింది. ఆచారం ఆచారం అంటున్నాము కానీ, అది ఇంటి చిట్టాపుస్తకాన్ని చూసుకునే నడుస్తోంది.

మూడో గంట
అంటే వాన పడినా పడకపోయినా ఎక్కడో ఒక చోట పీటల మీద కూర్చోవలసినది ఆ పిల్లే అన్నమాట. ఇకపై లగ్నపత్రిక మీద వాతావరణ శాఖ సంతకం కూడా తీసుకోవాలి.

ఇద్దరి తల్లి
మీరంతా లాభనష్టాల గురించి మాట్లాడుతున్నారు, ఎవరూ భయం గురించి మాట్లాడడం లేదు. నాకు ఇద్దరు కూతుళ్లు. పెద్దది బడి నుంచి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తే నా గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు. పిల్లకు ఏదైనా జరిగితే జరిపినవాడిని ఎవరూ ఏమీ అనరు, పిల్లనూ తల్లినీ అంటారు. అటువంటి చోట పెళ్ళి ఒక తాళం లాంటిది. తాళం వేసిన ఇంటి గురించి ఎవరూ మాట్లాడరు. నేను నా కూతుళ్లకు చిన్న వయసులో పెళ్ళి చేయను, చేయకూడదనే నిశ్చయించుకున్నాను. అయితే తోకచుక్క గారి అక్క రాతి గుండె మనిషి అన్నట్టు ఇక్కడ ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. బడికి వెళ్లే దారి భయం లేకుండా ఉంటే సగం పెళ్ళిళ్లు వాటంతట అవే ఆగుతాయి.

నీలికలువ
ఇద్దరి తల్లి గారి మాట నిజమే. కాకపోతే తాళం లోపల ఏమి జరుగుతుందో ఎవరూ చూడరు. పెళ్ళి అయిన పిల్ల క్షేమంగా ఉందని ఎలా అనుకుంటాము?

రాత్రి డ్యూటీ
నేను కాన్పుల వార్డులో నర్సును. మా రిజిస్టరులో పదిహేడేళ్ల తల్లి ఎవరూ ఉండరు, అందరికీ పంతొమ్మిదే. ముఖం చూస్తే తెలుస్తుంది, పక్కన నిలబడిన అత్తగారికీ తెలుసు, రాసే నాకూ తెలుసు. చిన్న వయసు పిల్లలకు కటి ఎముకలు పూర్తిగా ఎదగవు కనుక బిడ్డ తల అడ్డుపడి, సమయానికి ఆపరేషను జరగకపోతే, బతికి బయటపడినా మూత్రం ఆగని జబ్బుతో ఏళ్ల తరబడి గడపవలసి రావచ్చు. ప్రపంచం మొత్తం మీద పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లల మరణాలకు ముఖ్య కారణాల్లో గర్భమూ కాన్పూ ఉన్నాయి. ఒకసారి ఒక పిల్లను "నిజంగా నీ వయసు ఎంత" అని ఒంటరిగా అడిగాను. "ఏది చెప్పమంటారు" అని ఎదురు అడిగింది.

సూటిగా
మరి చట్టం ఎందుకు ఉంది? తోకచుక్క గారు ఒక్క ఫిర్యాదు చేస్తే పని అయిపోతుంది. పది మందిని జైల్లో పెడితే పదకొండోవాడు చేయడు.

పాత పలక
పదకొండోవాడు చాటుగా చేస్తాడు. కెన్యాలోని మేరు ప్రాంతంలో 1956లో పెద్దల మండలి ఆడపిల్లల జననాంగాలు కోసే ఆచారాన్ని నిషేధించింది. అది వలస పాలకుల ఒత్తిడితో వచ్చిందని అందరికీ తెలుసు. ఆ తరువాత మూడేళ్లలో బాలికలు బ్లేడ్లు తీసుకుని అడవుల్లోకి, పొదల్లోకి వెళ్లి ఒకరినొకరు కోసుకున్నారు. వారికి "న్గైతానా" అని పేరు వచ్చింది. "నన్ను నేనే కోసుకుంటాను" అని అర్థం. నిషేధం ఎవరిని కాపాడాలనుకున్నదో వారే దానికి ఎదురు తిరిగారు, ఎందుకంటే ఆ గాయం లేకుండా తాము పెద్దవారము కాలేమని వారు నమ్మారు. నేపాల్ సంగతి కూడా చూడండి. నెలసరి రోజుల్లో ఆడవారిని బయట గుడిసెలో ఉంచే ఛౌపడిని అక్కడి సుప్రీంకోర్టు 2005లోనే మాన్పించమంది. అయినా చలికి, పాముకాటుకు, గుడిసెలో వేసుకున్న మంట పొగకు ఆడవారు చనిపోతూనే ఉన్నందువల్ల, 2017లో దానికి మూడు నెలల జైలు లేదా మూడు వేల రూపాయల జరిమానా పెట్టారు. అధికారులు గుడిసెలు కూల్చారు. నమ్మకం అలాగే ఉండడంతో కొన్నిచోట్ల ఆడవారు అంతకన్నా అధ్వాన్నమైన చోట్ల రాత్రులు గడిపారు.

చలివేంద్రం
పలక గారు చట్టాన్ని మరీ తీసిపారేస్తున్నారు. గాంబియాలో కోత ఆచారాన్ని 2015లో నిషేధించారు. ఆ నిషేధాన్ని ఎత్తివేయాలని తెచ్చిన బిల్లును 2024 జూలైలో అక్కడి పార్లమెంటు తిరస్కరించింది. పనికిరాని చట్టమే అయితే దాన్ని తీసేయడానికి అంత పోరాటం ఎందుకు చేస్తారు? మలావీలో డెడ్జా జిల్లా పెద్ద థెరీసా కచిందమోటో గురించి కూడా తెలుసుకోండి. ఆవిడ వందల సంఖ్యలో బాల్యవివాహాలను రద్దు చేయించి పిల్లలను మళ్లీ బడికి పంపారు. తన మాట కాదని పెళ్ళిళ్లకు ఒప్పుకున్న గ్రామపెద్దలను పదవి నుంచి తప్పించారు. పెళ్ళి వయసు పద్దెనిమిది అని 2015లో చట్టం వచ్చింది, తల్లిదండ్రుల సమ్మతితో ముందే చేయవచ్చు అన్న సందును 2017లో రాజ్యాంగం నుంచి తొలగించారు. చట్టమూ, తన ఊరి మనిషి అధికారమూ ఒకే వైపు లాగినప్పుడు బండి కదిలింది.

రాత్రి డ్యూటీ
ఫిర్యాదు వల్ల ఆగిన పెళ్ళిళ్లను నేను చూశాను. ఆ పిల్లలను తరువాత ఎవరు పలకరించారో మాత్రం చూడలేదు. ముహూర్తానికి ముందు రోజు వచ్చిన అధికారులు మరుసటి రోజు ఉండరు. ఫిర్యాదు చేయవద్దని నేను అనడం లేదు, మిగతా దారులన్నీ మూసుకుంటే తప్పకుండా చేయాలి.

చెరువుగట్టు
ఈ చర్చలో మగవారు సిద్ధాంతాలు రాస్తున్నారు కానీ తమ సంగతి రాయడం లేదు. నేను రాస్తాను. నా పెళ్ళినాటికి నాకు ఇరవై నాలుగేళ్లు, నా భార్యకు పదిహేడు. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. పిల్ల వయసు ఎంత అని నేను అడగలేదు. తెలిసిన తరువాత "ఒక ఏడాది ఆగుదాము" అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే మా అమ్మ రెండు రోజులు అలిగేది, అంతకు మించి ఏమీ జరిగేది కాదు. నా భార్య పరీక్ష రాయలేకపోయింది. "ఆడదానికి ఆడదే శత్రువు" అని ఎవరైనా అంటే, ఆ మాట మాకు ఎంత సౌకర్యంగా ఉంటుందో నాకు గుర్తుకు వస్తుంది. పట్టీ బిగించినది తల్లే కావచ్చు, చిన్న పాదం కావాలని కోరుకున్నది ఎవరు?

నీలికలువ
చెరువుగట్టు గారూ, ఇది ఇంట్లో మీ భార్యగారితో కూడా అన్నారా?

చెరువుగట్టు
నిరుడు అన్నాను. "ఇప్పుడా" అంది. నా దగ్గర దానికి జవాబు లేదు.

తోకచుక్క
నేను ఇంత లోతుగా సాగుతుందని అనుకోలేదు. అజ్ఞానం, డబ్బు, భయం, పరువు, మగవారి మౌనం అన్నీ మా ఇంట్లో ఉన్నాయి. ఇంతకీ నేను ఏమి చేయాలి? మూడు వారాల్లో నిశ్చితార్థం అంటున్నారు.

ఆకురాయి
మీ అక్కగారిని ఒక్కరినే మార్చాలని చూడకండి. సెనెగల్‌లో తోస్తాన్ అనే సంస్థ తరగతుల్లో చదువుకున్న మలికౌండా బంబారా అనే ఊరి ఆడవారు తమ కూతుళ్లకు కోత చేయించబోమని 1997 జూలైలో బహిరంగంగా ప్రకటించారు. చుట్టుపక్కల వారి నుంచి వారికి తిట్లే వచ్చాయి. అప్పుడు పక్క ఊరి ఇమాము డెంబా డియావారా ఒక సంగతి పట్టుకున్నారు: మా పిల్లలు మా ఊళ్లోనే పెళ్ళాడరు, చుట్టూ ఉన్న బంధువుల ఊళ్లలో పెళ్ళాడతారు, వారు మానకపోతే మేము మానలేము. ఆ పెద్దాయన ఒక ఊరి నుంచి మరో ఊరికి నడుచుకుంటూ వెళ్లి, ఎవరినీ తప్పుపట్టకుండా, పిల్లలకు జరుగుతున్నదేమిటో తనవారితో మాట్లాడారు. 1998 ఫిబ్రవరిలో డియాబుగు అనే చోట పదమూడు ఊళ్లవారు కలిసి ప్రకటించారు. కనుక మీ అక్కగారు పిల్లను ఇవ్వదలచుకునే ఇళ్లు ఎన్ని, వాటిలో ఇదే దిగులుతో ఉన్న తల్లులు ఎందరు అని లెక్క వేయండి. లెక్క చిన్నదే అవుతుంది.

పాత పలక
నేను ఇక్కడ కూడా ఒక పుల్ల వేయక తప్పదు. సూడాన్‌లో కోత ఆచారాన్ని పరిశీలించి 2015లో కొందరు శాస్త్రవేత్తలు ప్రచురించినదాని ప్రకారం, ఊరంతా చేయడమో ఊరంతా మానడమో అన్నట్టు లేదు. ఒకే ఊళ్లో చేసే ఇళ్లూ చేయని ఇళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. అంటే కొందరు ఎవరి కోసమూ ఆగకుండానే మానగలిగారు, మరికొందరు ప్రమాణాలు చేసినా మానరు. బహిరంగ ప్రకటన వచ్చిన ప్రతి ఊళ్లోనూ ఆచారం ఆగిందని అనుకోవద్దు.

ఆకురాయి
ఒప్పుకుంటాను. అయితే పలక గారి మాట తోకచుక్క గారికి నిజానికి శుభవార్త. అందరూ కలిసేదాకా ఆగనవసరం లేదని, ఎవరి కోసమూ ఆగకుండా మానేసిన ఇల్లు ఒకటి పక్కనే ఉండవచ్చని దాని అర్థం. మనుషులు ఇతరుల మనసును ఎంత తప్పుగా అంచనా వేస్తారో చూడండి: రియాద్‌లో పెళ్ళైన యువకులను అడిగితే, ఆడవారు బయట ఉద్యోగం చేయడం వారిలో చాలామందికి సమ్మతమే, కానీ తమ చుట్టూ ఉన్న మగవారికి సమ్మతం కాదని వారు అనుకుంటున్నారు. అసలు లెక్క చెప్పిన తరువాత ఎక్కువ మంది తమ భార్యల పేర్లను ఉద్యోగాల కోసం నమోదు చేయించారు.

సూటిగా
ఇంత నడక, ఇంత మాట ఎందుకు? పెళ్ళి ఆపితే డబ్బు ఇస్తామంటే చాలు.

చలివేంద్రం
ఇచ్చి చూశారు సూటిగా గారూ. హర్యానాలో 1994లో మొదలైన పథకంలో ఆడపిల్ల పుట్టగానే బాండు వేసి, పద్దెనిమిదేళ్ల వరకు పెళ్ళి కాకపోతే ఇరవై అయిదు వేల రూపాయలు వచ్చేలా చేశారు. చాలా ఇళ్లలో దానిని పెళ్ళి ఖర్చు కోసం ప్రభుత్వం ఇచ్చినదిగానే లెక్క వేసుకుని, పద్దెనిమిది నిండగానే పెళ్ళి చేశారు. దానికి భిన్నంగా బంగ్లాదేశ్‌లో పెళ్ళి కాని పిల్లలు ఉన్న ఇళ్లకు ఏడాదికి కొన్నిసార్లు వంటనూనె ఇచ్చారు. అక్కడ పద్దెనిమిదిలోపు పెళ్ళిళ్లు గణనీయంగా తగ్గాయి. చివర ఒకేసారి మూట ఇవ్వడం వేరు, పిల్ల ఇంట్లో ఉన్న ప్రతి ఏడూ కాస్త ఊపిరి ఆడేలా చేయడం వేరు.

మూడో గంట
సూటిగా గారు ప్రతిసారీ ఒక్క వాక్యం రాస్తారు, దానికి సమాధానంగా మిగతావారు ఒక పుస్తకం రాస్తారు. ఈ చర్చకు అసలైన పోషకులు ఆయనే.

సూటిగా
నేను నేర్చుకోవడానికే రాస్తున్నాను. మొదట రాసిన "అజ్ఞానం" అన్న మాటను మాత్రం వెనక్కు తీసుకోను, అది ఎవరిదో మార్చుకుంటాను.

ఇద్దరి తల్లి
తోకచుక్క గారూ, ఒక చిన్న మాట. అక్కగారితో మాట్లాడేటప్పుడు ఆవిడ పడ్డ కష్టాన్ని సాక్ష్యంగా వాడకండి. "నీకు జరిగింది చూడు" అన్న ప్రతిసారీ, తన బతుకు వ్యర్థమైందని చెల్లెలు తీర్పు ఇచ్చినట్టు ఆవిడకు వినిపిస్తుంది. పెళ్ళి వద్దని కాకుండా, పరీక్షల దాకా ఆగమని అడగండి. ఆగిన తరువాత మళ్లీ ఆగమని అడగవచ్చు.

తోకచుక్క
పదకొండు రోజుల తరువాత రాస్తున్నాను. ఇద్దరి తల్లి గారు చెప్పినట్టే పరీక్షల సంగతితో మొదలుపెట్టాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు, తరువాత "అబ్బాయి వాళ్లు ఆగరు" అంది. ఆకురాయి గారి లెక్క గుర్తు పెట్టుకుని, అక్కకు ముందే చెప్పి, అబ్బాయి తల్లికి నేనే ఫోను చేశాను. ఆవిడ ఆగడానికి తనకు అభ్యంతరం లేదని, తొందరపడుతున్నది పిల్ల వైపువారే అనుకున్నానని చెప్పింది. ఇంత సులభమా అనిపించింది, కానీ కాదు. ఈ సంగతి తెలిసిన బావ, తన ఇంటి విషయంలో నేను తలదూర్చానని నాతో మాట మానేశాడు. ఆ సంబంధం కాకపోతే ఇంకొకటి ఈ నెలలోనే చూస్తానని అంటున్నాడు. అక్క ఏ వైపూ మాట్లాడడం లేదు, కానీ పిల్ల పరీక్ష ఫీజు నిన్న కట్టిందట.

చెరువుగట్టు
మీ బావగారితో ఒక మగవాడు మాట్లాడాలి. అది న్యాయం కాదు, అయినా ఆయన ఆ గొంతునే వింటాడు.

తోకచుక్క
ఆదివారం నాన్న వెళతానన్నారు. "ఏమని చెబుతావు" అని అడిగితే, "పదిహేనేళ్లకు కూతురికి పెళ్ళి చేసినవాడిని నేను, ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో నిలబడినవాడినీ నేనే, అది చెబుతాను" అన్నారు.